తోటలోని చిన్న పిట్టల ఫొటోలు: ఏ పద్ధతి, ఏ లెన్స్, ఎవరికి?

పెరట్లోకి వచ్చే తేనెపిట్టను ఫొటో తీయాలన్న కోరిక పుట్టగానే చాలామంది ముందుగా అడిగేది, ఎంత జూమ్ ఉన్న కెమెరా కొనాలి అని. దానికి జవాబు చెప్పాలంటే ముందు మరో సంగతి తెలియాలి. మీరు కూర్చునే చోటికీ పిట్ట వాలే కొమ్మకీ మధ్య దూరం ఎంత? పది అడుగులా, నలభై అడుగులా? చెరువు అవతలి గట్టున నిలబడ్డ కొంగకు సరిపోయే సలహా పెరటి పిట్టకు సరిపోదు. కొంగ దూరంగా ఉంటుంది, కానీ పెద్దది. చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. పెరటి పిట్ట మనకు దగ్గరలోనే ఉంటుంది. అయితే బొటనవేలంత ఉంటుంది, ఆకుల చాటున ఉంటుంది, ఒకచోట రెండు క్షణాలు నిలవదు.

ఈ మూడు కష్టాల్లో జూమ్ తీర్చేది మొదటిదాన్నే. ఆకుల చాటు సమస్యను తీర్చేది మీరు ఎంచుకున్న చోటు. నిలకడ లేని పిట్టను పట్టించేది వెలుతురు, వెంటనే కుదిరే ఫోకస్. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు చోటు, తర్వాత దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయగల లెన్స్, ఆ తర్వాత వెలుతురు, చివరగా జూమ్. ప్రకటనల్లో ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె జూమ్‌దే. దగ్గరి ఫోకస్ (లెన్స్ ఫోకస్ చేయగల అతి తక్కువ దూరం) ఎంత అన్నది సాంకేతిక వివరాల పట్టికలో ఎక్కడో కింద ఉంటుంది. కొనేవారు చదవవలసింది ఆ కింది అంకెనే.

ముందు కొన్ని కొలతలు

ఊదా తేనెపిట్ట ముక్కు నుంచి తోక దాకా 10 సెంటీమీటర్ల లోపే. బదనిక పళ్ల కోసం వచ్చే ఫ్లవర్‌పెకర్ 8 సెంటీమీటర్లు. మన దేశంలోని అతి చిన్న పక్షుల్లో అదొకటి. దర్జీ పిట్ట తోకతో కలిపి 13 సెంటీమీటర్లున్నా బరువు 10 గ్రాములు దాటదు.

ఏపీఎస్-సీ అనే మధ్యస్థాయి సెన్సర్ (చిత్రాన్ని పట్టే చిప్) ఉన్న కెమెరాకు 400 మి.మీ. లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ వస్తువు పెద్దగా కనబడుతుంది) తగిలించి 4 మీటర్ల దూరంలోని కొమ్మను చూస్తే, ఫ్రేమ్ వెడల్పులో దాదాపు 23 సెంటీమీటర్ల మేర కనబడుతుంది. 10 సెంటీమీటర్ల పిట్ట అందులో నలభై శాతం నిండుతుంది. అదే లెన్స్‌తో 10 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేమ్ 59 సెంటీమీటర్లకు విస్తరిస్తుంది, పిట్ట ఆరో వంతు మాత్రమే ఉంటుంది. సెన్సర్ ఇంకా పెద్దదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 600 మి.మీ. లెన్స్ పెట్టినా దాదాపు ఇవే అంకెలు వస్తాయి. ఇప్పుడు 250 మి.మీ. లెన్స్‌తో రెండున్నర మీటర్ల దాకా దగ్గరికి రండి. ఫ్రేమ్ మళ్లీ 23 సెంటీమీటర్ల దగ్గరే నిలుస్తుంది. అంటే ఒకటిన్నర మీటరు దగ్గరయితే చాలు, చవకైన చిన్న లెన్స్ దానికన్నా ఎంతో ఖరీదైన లెన్స్‌తో సమానంగా పిట్టను చూపిస్తుంది. ఆ ఒకటిన్నర మీటరును తగ్గించడానికి కావలసింది ఒక కర్టెన్, ఒక మట్టి మూకుడు, కొంత ఓపిక.

ఇంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే లోతు చాలా తక్కువ. 4 మీటర్ల దూరంలో, 400 మి.మీ. దగ్గర, ఎఫ్/5.6తో (ఇది లెన్స్ ద్వారం కొలత; అంకె తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది) తీస్తే ఆ లోతు ఇంచుమించు 2 సెంటీమీటర్లే. కన్ను స్పష్టంగా వస్తే తోక మసకబారుతుంది. అది తప్పు కాదు. కన్ను మసకబారి తోక స్పష్టంగా వస్తేనే ఆ ఫొటో పోయినట్టు.

వెంట తిరగడమా, ఒకచోట కూర్చోవడమా?

పిట్ట ఎక్కడుంటే అక్కడికి కెమెరాతో నడవడం ఒక పద్ధతి. పార్కుల్లో, అడవి దారుల్లో వేరే మార్గం లేదు. కొత్త పిట్టలు కనబడతాయి, కాళ్లకు పని దొరుకుతుంది. అయితే ఇంటి తోటకు ఈ పద్ధతి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. చిన్న పిట్టకు మన ముఖం కన్నా మన కదలిక ఎక్కువ భయం కలిగిస్తుంది. మీరు రెండడుగులు వేస్తే అది నాలుగు కొమ్మలు లోపలికి జరుగుతుంది. చివరికి మీ దగ్గర మిగిలేవి ఎగిరిపోతున్న తోకల ఫొటోలు.

కూర్చునే పద్ధతి మొదట్లో విసుగు పుట్టిస్తుంది. కాసేపటికి దాని విలువ తెలుస్తుంది. చిన్న పిట్టలకు దినచర్య ఉంటుంది. దర్జీ పిట్టల జంట రోజూ దాదాపు ఒకే దారిలో పొదలను వెతుక్కుంటూ వస్తుంది. తేనెపిట్ట విచ్చిన పూల దగ్గరికి తిరిగి తిరిగి వస్తుంది. కెమెరా లేకుండా కొన్ని ఉదయాలు ఊరికే చూడండి. ఏ వేళకు ఏ కొమ్మ మీద ముందు వాలుతుంది, అక్కడి నుంచి ఎటు వెళుతుంది అన్నది పట్టుబడితే, ఫోకస్ ఎక్కడ పెట్టుకుని ఎదురుచూడాలో కూడా తేలిపోతుంది.

కూర్చోవడంలోనూ ఎంపికలున్నాయి. వాటిలో ఉత్తమమైనది ఇంటి కిటికీ. గదిలో లైట్లు ఆర్పి, కర్టెన్ వేసి, లెన్స్ పట్టేంత సందు వదిలితే బయటి వెలుతురులో ఉన్న పిట్టకు చీకటి గదిలోని మీరు కనబడరు. అద్దం తెరిచే ఉంచాలి. తెరవడానికి వీలు లేకపోతే లెన్స్ అంచును అద్దానికి ఆనించి తీయాలి, లేదంటే గది ప్రతిబింబం ఫొటోలోకి వస్తుంది. తోటలో ఆగి ఉన్న కారు కూడా అంతే బాగా పనిచేస్తుంది. చాటుగా వాడే చిన్న గుడారం, ఆకుపచ్చ వల వంటివి మూడో ఎంపిక. వాటిని ముందురోజే కట్టి వదిలేయాలి. కొత్త వస్తువుకు పిట్టలు అలవాటుపడ్డాకే మీరు లోపలికి వెళ్లాలి. వేసవిలో దాని లోపల కూర్చోవడం మాత్రం కష్టం. కిటికీ ఉన్నవారు దాని జోలికి వెళ్లనవసరం లేదు.

అపార్ట్‌మెంట్లో ఉండేవారు తమకు తోట లేదని నిరాశపడతారు. నిజానికి రెండో అంతస్తు బాల్కనీ ఒక గొప్ప వరం. నేల మీద నిలబడినవారికి వేప చెట్టు కొస కొమ్మల్లోని పిట్ట పొట్ట తప్ప మరేమీ కనబడదు, వెనక తెల్లని ఆకాశం. బాల్కనీ నుంచి అదే పిట్ట కళ్లకు సూటిగా కనబడుతుంది, వెనక ఆకుల పచ్చదనం.

గింజలు, నీళ్లు, మొక్కలు

పిట్టలను రప్పించడానికి చాలామంది మొదట చేసేది బియ్యమో, నూకలో, సజ్జలో చల్లడం. దానితో వచ్చేవి పిచ్చుకలు, మునియాలు, చిలకలు, అన్నిటికన్నా ఎక్కువగా పావురాలు. హైదరాబాద్ వంటి నగరంలో గింజలు పెట్టిన బాల్కనీ కొద్ది రోజుల్లోనే పావురాల సొంతమవుతుంది. దర్జీ పిట్ట, దానిలాంటి చిన్న పిట్ట ప్రీనియా, రెండూ పురుగులు తినేవి. తేనెపిట్ట పూల తేనెతో పాటు చిన్న పురుగులనూ సాలీళ్లనూ తింటుంది. వీటిలో ఏదీ గింజల పళ్లెం వైపు చూడదు. మీకు కావలసింది మునియాలు, పిచ్చుకలే అయితే తప్ప ఈ మార్గం వద్దు.

నీళ్లు అందరికీ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఒక్క మూకుడు నీళ్లు చేసే మేలు, అది రప్పించే వైవిధ్యం మరే ఏర్పాటుకూ సాధ్యం కాదు. మూకుడు లోతు రెండు అంగుళాలు మించకూడదు. లోతు ఎక్కువైతే మధ్యలో ఒక గరుకు రాయి పెట్టండి. పిల్లులు పొంచి ఉండే పొదకు దూరంగా, మూడు నాలుగు అడుగుల ఎత్తున ఉంచండి. నీళ్లు రోజూ మార్చండి. మురిగితే దోమలు గుడ్లు పెడతాయి. పైనుంచి చుక్కలు పడేలా చిన్న రంధ్రం ఉన్న సీసానో కుండనో వేలాడదీస్తే మరీ మంచిది. కదిలే నీళ్లు పిట్టల చూపును త్వరగా లాగుతాయి. మూకుడుకు రెండు అడుగుల దూరంలో ఒక ఎండు కొమ్మ నాటండి. చిన్న పిట్టలు నేరుగా నీటి అంచు మీదకు రావు, ముందు ఒక కొమ్మ మీద వాలి అటూ ఇటూ చూస్తాయి. మీ మంచి ఫొటో ఆ కొమ్మ మీదే దొరుకుతుంది. దాని వెనక గోడ కాకుండా పది పదిహేను అడుగుల దూరంలో పచ్చని మొక్కలు ఉండేలా చూసుకుంటే నేపథ్యం మెత్తగా కరిగిపోతుంది.

అయితే తేనెపిట్టలు, దర్జీ పిట్టలు చాలాసార్లు మూకుడు దాకా రావు. మొక్కలకు నీళ్లు పట్టాక తడిసిన ఆకుల మీద ఒళ్లు రుద్దుకుంటూ స్నానం చేస్తాయి. ఉదయం మొక్కలను తడిపి కిటికీ దగ్గర కూర్చుంటే ఆ దృశ్యం దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటోలు అవే.

మొక్కల మార్గం నెమ్మదైనది, కానీ స్థిరమైనది. మందార, నూరువరహాలు, మెట్టతామర, నర్సరీల్లో హామీలియా పేరుతో దొరికే నారింజ రంగు గొట్టపు పూల మొక్క తేనెపిట్టలను ఏడాది పొడుగునా రప్పిస్తాయి. మునగ పూతకూ వస్తాయి. సింగపూర్ చెర్రీ చెట్టు ఉంటే ఫ్లవర్‌పెకర్, పిగిలిపిట్ట ఖాయం. పురుగుమందు కొట్టే తోటలో మాత్రం ఈ మొక్కలన్నీ ఉన్నా దర్జీ పిట్టలు తగ్గిపోతాయి, తినడానికి ఏమీ ఉండదు కాబట్టి. మందు మానడం కూడా ఫొటోగ్రఫీ ఏర్పాట్లలో భాగమే అని నేను నమ్ముతాను.

ఇక పరికరాలు: ఫోను

ఫోను ప్రధాన కెమెరాతో 4 మీటర్ల దూరంలోని తేనెపిట్టను తీస్తే, 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో దాని పొడవు సుమారు 70 పిక్సెళ్లు. ఏది పిట్టో గుర్తుపట్టడానికే కష్టం. 5 రెట్ల టెలిఫొటో (దూరపు వస్తువును దగ్గరగా చూపే లెన్స్) ఉన్న ఖరీదైన ఫోను కొంత నయం, అయినా ఫ్రేమ్‌లో పన్నెండో వంతు. అంతకు మించి వేళ్లతో సాగదీసే డిజిటల్ జూమ్ ఈకల వివరాలను చెరిపి, ఊహించి గీసిన ఆకారాన్ని ఇస్తుంది.

ఫోనును చేతిలో పట్టుకోకుండా వదిలేస్తే కథ మారుతుంది. నీటి మూకుడుకు అడుగున్నర దూరంలో చిన్న స్టాండ్ మీద ఫోను నిలబెట్టి, కొమ్మ మీద ఫోకస్ లాక్ చేసి, 4కె వీడియో పెట్టి లోపలికి వెళ్లిపోండి. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 83 లక్షల పిక్సెళ్లు. అందులోంచి మంచి క్షణాన్ని విడిగా తీసుకోవచ్చు. బ్లూటూత్ బటన్‌తో కిటికీ నుంచే ఫొటో తీయడం ఇంకా మేలు, ఎందుకంటే వీడియో ఫ్రేములు కదలిక వల్ల తరచు అలుక్కుపోతాయి. ఒక జాగ్రత్త: దగ్గరి వస్తువు ఎదురైతే చాలా ఫోన్లు చెప్పకుండానే టెలిఫొటో లెన్స్ వదిలి ప్రధాన కెమెరాకు మారి, దాన్నే సాగదీసి చూపిస్తాయి. ముందుగా మూకుడు అంచున ఒక ఆకు పెట్టి పరీక్షించుకోండి. కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క రూపాయి ఖర్చు చేయకముందు ఈ పద్ధతిని ఒక నెల ప్రయత్నించాలని గట్టిగా చెబుతాను.

బైనాక్యులర్‌కు ఫోను ఆనించి తీసే పద్ధతి కదలని గుడ్లగూబకు బాగుంటుంది. తేనెపిట్టకు వద్దు.

బ్రిడ్జ్ కెమెరా

లెన్స్ విడదీయడానికి వీల్లేని, భారీ జూమ్ ఉన్న కెమెరాలివి. నికాన్ పీ950కు 83 రెట్లు (ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 2000 మి.మీ.), పీ1000కు 125 రెట్లు. ఈ అంకెలు చూసి మనసు పడటం సహజం. పెరట్లో వాటికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, పూర్తి జూమ్ దగ్గర పీ950 సుమారు 5 మీటర్ల కన్నా దగ్గరి వస్తువు మీద, పీ1000 సుమారు 7 మీటర్ల కన్నా దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేవు. పైగా 5 మీటర్ల దూరంలో 2000 మి.మీ. జూమ్ అంటే ఫ్రేమ్ వెడల్పు 9 సెంటీమీటర్లు. తేనెపిట్ట అందులో పట్టదు. పెరట్లో మీరు వాడేది అందులో మూడో వంతు జూమే. దూరపు చంద్రుడి కోసం డబ్బు పెట్టి దగ్గరి మందార కొమ్మకు వాడుకున్నట్టవుతుంది.

రెండో చిక్కు సెన్సర్. ఈ కెమెరాల సెన్సర్ వైశాల్యం ఏపీఎస్-సీ సెన్సర్‌లో దాదాపు పదమూడో వంతు. ఎండలో పర్వాలేదు. కరివేపాకు చెట్టు నీడలో, మబ్బు పట్టిన ఉదయాన ఈకల మీది సన్నని గీతలు మచ్చల్లో కలిసిపోతాయి. మోటారుతో జరిగే జూమ్ కాబట్టి పిట్టను వెతికి, దగ్గరికి లాక్కునేలోపు అది వెళ్లిపోతుంది. ఇన్ని చెప్పినా వీటికి సరిపోయే చోటు ఒకటుంది: బాల్కనీ నుంచి పదిహేను ఇరవై మీటర్ల దూరంలోని చెట్టు కొస, మంచి ఎండ, కొంతసేపు కూర్చునే అలవాటున్న పిట్ట. పిట్టలను గుర్తుపట్టడం, లెక్కలు నమోదు చేయడం ముఖ్యమనుకునేవారికి ఇది చక్కని సాధనం.

ఈ కోవలో విడిగా చెప్పవలసింది 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4. జూమ్ 600 మి.మీ.తో సమానమైనదే, కానీ సెన్సర్ పెద్దది (ఒక అంగుళం రకం), పూర్తి జూమ్ దగ్గర కూడా ఎఫ్/4, దగ్గరి ఫోకస్ 72 సెంటీమీటర్లు. కాగితం మీద తక్కువ జూమ్ ఉన్నట్టు కనిపించే ఈ కెమెరా పెరట్లో పీ1000 కన్నా ఎంతో మెరుగు. ధర ఎక్కువ, అదొక్కటే అడ్డు.

చిన్న టెలిఫొటో లెన్సులు

నా ఎంపిక ఈ వరుసలోనే ఉంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల కదిలే అద్దం ఉండే, లెన్స్ మార్చుకునే కెమెరా) ఉన్నవారు కెనాన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్‌ను తేలిగ్గా చూడకండి. 375 గ్రాముల బరువు, 85 సెంటీమీటర్ల దగ్గరి ఫోకస్. పైన చెప్పిన రెండున్నర మీటర్ల లెక్క దీనికోసమే. కిటికీ పక్కన నీళ్లు, కొమ్మ ఏర్పాటు చేసుకున్నవారికి ఇది పుష్కలం. 70-300 లెన్సులు దీనికి ఒక మెట్టు పైన.

మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కెమెరాల) వైపు కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 పెరటి పిట్టలకు అతికినట్టుంటుంది. 635 గ్రాములు, ఒక చేత్తో ఎత్తగలం, మీటరు దూరంలోని పువ్వు మీద కూడా ఫోకస్ పడుతుంది. 400 దగ్గర ఎఫ్/8 అన్నది దాని బలహీనత. దట్టమైన నీడలో ఇబ్బంది పడతారు. నికాన్ వాడేవారికి పాత 300 మి.మీ. ఎఫ్/4 పీఎఫ్ మరో మంచి మార్గం: 755 గ్రాములు, 1.4 మీటర్ల దగ్గరి ఫోకస్, వెలుతురు ఎఫ్/8తో పోలిస్తే నాలుగింతలు. జూమ్ లేకపోవడం మొదట్లో ఇబ్బందిగా అనిపించినా, ఒక కొమ్మ మీద గురిపెట్టి కూర్చునేవారికి అది లోటే కాదు.

పెద్ద జూమ్ లెన్సులు

సిగ్మా, టామ్రాన్ 150-600లు, సోనీ 200-600, నికాన్ 180-600. ఇవన్నీ దాదాపు రెండు కిలోల బరువు. చిత్రాల నాణ్యత విషయంలో వీటికి వంక పెట్టలేం. సిగ్మా కాంటెంపరరీ దగ్గరి ఫోకస్ 2.8 మీటర్లు, టామ్రాన్ రెండో తరానిది 2.2, సోనీది 2.4. కిటికీ నుంచి మూకుడు రెండు మీటర్లలోనే ఉంటే ఈ అంకెలు మిమ్మల్ని వెనక్కి నెడతాయి. తోట పెద్దదై, పిట్టలు ఐదు నుంచి పన్నెండు మీటర్ల మధ్య తిరుగుతుంటే వీటికి సాటి లేదు. సెలవుల్లో చెరువులకు, అడవులకు కూడా వెళ్లేవారైతే వీటిలో ఒకటి కొనడంలో న్యాయం ఉంది. ఇంటి తోట మాత్రమే అయితే బరువు మోయడం తప్ప ప్రయోజనం తక్కువ. ఇప్పటికే కొన్నవారికి ఒక ఉపాయం: 12 లేదా 25 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగిస్తే దగ్గరి ఫోకస్ మరింత దగ్గరవుతుంది. దూరపు వస్తువుల మీద అప్పుడు ఫోకస్ పడదు, పెరట్లో దాని అవసరమూ ఉండదు.

కెనాన్ ఆర్‌ఎఫ్ 600, 800 ఎఫ్/11 లెన్సులు తేలికగా ఉంటాయని చాలామంది ఆశపడతారు. మొదటిది 4.5 మీటర్ల కన్నా, రెండోది 6 మీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ చేయవు. ఎఫ్/5.6తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుతురు నాలుగో వంతు. చెట్టు నీడలో, సెకనులో 500వ వంతు షట్టర్ (వెలుతురు సెన్సర్ మీద పడే సమయం) దగ్గర, ఎఫ్/6.3 లెన్స్‌కు ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 1600 చాలే చోట వీటికి 5000 దాకా కావాలి. పెరటి పిట్టలకు వీటిని వద్దనే చెబుతాను. లెన్స్ వెనక బిగించి జూమ్ పెంచే 1.4 రెట్ల టెలికన్వర్టర్ విషయంలోనూ అదే మాట: వెలుతురు సగమవుతుంది, పెరట్లో మనకు కొరవడేదే వెలుతురు.

ఫోకస్, షట్టర్, ఆధారం

పక్షి కన్నును తనంతట తానే గుర్తించే మిర్రర్‌లెస్ కెమెరాలు 2020 తర్వాత ఈ పనిని చాలా తేలిక చేశాయి. పిట్ట కొమ్మ కొసన ఉంటే అవి అద్భుతంగా పనిచేస్తాయి. పొద లోపల ఉంటే ముందున్న ఆకుల మీదకు జారిపోతాయి. అలాంటప్పుడు పాత పద్ధతే దిక్కు: అతి చిన్న ఒకే ఫోకస్ బిందువును ఎంచుకుని ఆకుల సందులోంచి కన్ను మీద పెట్టడం. డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవారు కేవలం దీనికోసం మారనవసరం లేదు, ముఖ్యంగా కొమ్మ ముందే తెలిసిన చోట. కొత్తగా కొనేవారు మాత్రం మిర్రర్‌లెస్ వైపే వెళ్లండి. నిశ్శబ్ద షట్టర్ ఒక్కటే చాలు ఆ మాట చెప్పడానికి. మూడు మీటర్ల దూరంలో డీఎస్‌ఎల్‌ఆర్ అద్దం టపటపకు దర్జీ పిట్ట ఉలిక్కిపడుతుంది.

వాలిన పిట్టకు షట్టర్ 500వ వంతు, తల తిప్పుతూ పువ్వులను పొడిచే తేనెపిట్టకు 1000, గాలిలో రెక్కలాడిస్తూ నిలిచినప్పుడు 2000 లేదా ఆపైన. షట్టర్ తగ్గించి ఐఎస్‌ఓ ఆదా చేయాలని చూడకండి. ఐఎస్‌ఓ పెరిగితే వచ్చే మచ్చలను తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును బాగుచేయలేం. ట్రైపాడ్ నీటి మూకుడు దగ్గర తప్ప అడ్డమే. కిటికీ గట్టు మీద బియ్యమో ఇసుకో నింపిన గుడ్డ సంచి పెట్టి, దాని మీద లెన్స్ ఆనిస్తే సరిపోతుంది.

ఏ పిట్టకు ఏ దారి

తేనెపిట్టకు సూర్యుడి దిక్కు ముఖ్యం. మగ ఊదా తేనెపిట్ట ఈకల మెరుపు రంగుద్రవ్యం వల్ల వచ్చేది కాదు, ఈకల నిర్మాణం మీద కాంతి పడే కోణం వల్ల వచ్చేది. ఎదురెండలో తీస్తే అది నల్లని ముద్ద. ఉదయపు ఎండ మీ వెనక నుంచి పడితే ఊదా, నీలం, ఆకుపచ్చ ఒక్కసారిగా వెలుగుతాయి. అందుకే మొక్క ఎక్కడ నాటాలన్నది లెన్స్ కన్నా పెద్ద నిర్ణయం. మరో సంగతి, మందార వంటి పెద్ద పూల దగ్గర ఇది తరచు ముఖం వైపు రాదు. పక్కనుంచి పువ్వు మొదలును పొడిచి తేనె పీలుస్తుంది. ఫోకస్ పువ్వు తొడిమ వైపు సిద్ధంగా ఉంచుకోండి. సంతానోత్పత్తి కాలం ముగిశాక మగది మెరుపు ఈకలు రాల్చి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల చారతో దాదాపు ఆడదానిలా మారుతుంది. ఆ మార్పును నెలనెలా తీసి పెట్టుకుంటే ఒక్క మెరిసే ఫొటో కన్నా విలువైన వరుస అవుతుంది.

దర్జీ పిట్టకు చెవులే ముందు కావాలి. ఆ చిన్న గొంతు నుంచి వచ్చే పెద్ద అరుపు విన్నాక పొదను చూడండి. లోపలి కొమ్మల్లో నేలకు దగ్గరగా తిరుగుతుంది కనుక మీరూ కింద కూర్చోవాలి. అరిచేందుకు మాత్రం కాసేపు పైకొమ్మ ఎక్కుతుంది. గొంతు సాచినప్పుడు మెడ పక్కన మామూలుగా కనబడని నల్లని మచ్చ బయటపడుతుంది. ఆ క్షణానికి 250 నుంచి 400 మి.మీ. చాలు, వేగం కావాలి. బ్రిడ్జ్ కెమెరా ఇక్కడే ఓడిపోతుంది.

ఫ్లవర్‌పెకర్‌కు బదనిక గుత్తిని వెతకండి. మామిడి కొమ్మ మీద పెరిగే ఆ మొక్క పళ్లను తిని, జిగురు గింజలను కొమ్మకు రాసి వదిలించుకుంటుంది. ఆ సమయంలో ఒకచోట నిలుస్తుంది. బాల్కనీ ఎత్తున గుత్తి దొరికితే పెద్ద జూమ్ లెన్స్‌కు, బ్రిడ్జ్ కెమెరాకు ఇదే సరైన పని.

వలస కాలంలో కొన్ని తోటల్లో పొన్నంగి పిట్ట దిగుతుంది. రాలిన ఆకుల మధ్య, మసక వెలుతురులో, నేల మీదే తిరుగుతుంది. అక్కడ 600 మి.మీ. కన్నా ఎఫ్/4 ముఖ్యం. అది అలసిన ప్రయాణికురాలు; ఫొటో కోసం లేపకండి, దగ్గరికి వెళ్లకండి.

రికార్డు చేసిన కూత వినిపించి పిట్టను బయటికి రప్పించే పద్ధతిని ఈ పోలికలోకి నేను తీసుకోను. పిట్ట వస్తుంది, నిజమే. తన చోటులోకి శత్రువు వచ్చిందనుకుని, తిండి మానుకుని, వెతుక్కుంటూ వస్తుంది. గూటి ఫొటోలూ అంతే. దర్జీ పిట్ట కుట్టిన ఆకుల గూటి ముందు మీరు పక్కకు జరిపిన ఒక్క ఆకు కాకికీ జెముడుకాకికీ దారి చూపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లకూ గూళ్లకూ రక్షణ ఇచ్చింది. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని.

ఎవరికి ఏది

డబ్బు పెట్టదలచుకోనివారికి ఫోను, స్టాండ్, బ్లూటూత్ బటన్, నీటి మూకుడు. ఇంట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ మూలన పడి ఉంటే వాడిన 55-250 లేదా 70-300. పెట్టిన డబ్బుకు దీనంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. బాల్కనీ నుంచి దూరపు చెట్లే కనబడేవారికి బ్రిడ్జ్ కెమెరా, లేదా బడ్జెట్ ఉంటే పెద్ద జూమ్. కొత్తగా, ఎక్కువ కాలం వాడేలా కొనాలనుకునేవారికి పక్షి కన్నును గుర్తించే ఏపీఎస్-సీ మిర్రర్‌లెస్, తేలికపాటి 100-400. పెద్దవారికి, చేతులు వణికేవారికి కూడా నేను దీన్నే చెబుతాను. అందరికీ ఒకే జవాబు కావాలని పట్టుబడితే ఈ చివరిదే.

వాడిన లెన్స్ కొనేవారు వెనక నుంచి టార్చ్ వేసి లోపల సాలెగూడు వంటి బూజు ఉందేమో చూడాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల తేమలో ఇది త్వరగా పడుతుంది. కొన్నాక సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. అమ్మేవారి ముందే లెన్స్‌ను పూర్తి జూమ్‌కు తిప్పి, నేల మీద ఒక నాణెం పెట్టి, ఫోకస్ కుదరడం మానే దాకా దాని వైపు నడవండి. అక్కడి నుంచి నాణెం దాకా ఎన్ని అడుగులో కొలవండి. ఆ దూరం మీ కిటికీ నుంచి మీ కొమ్మ దాకా ఉన్న దూరం కన్నా ఎక్కువైతే ఆ లెన్స్ కొనకండి.